చవితినాడు వచ్చిన క్రోము

2025 సెప్టెంబరు 2వ తేదీన అమెరికాలో ఒక తీర్పు వెలువడింది. గూగుల్ సంస్థ తన క్రోమ్ విహరిణిని అమ్ముకోనక్కరలేదని న్యాయమూర్తి అమిత్ మెహతా తేల్చారు. వెతుకులాట వ్యాపారంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలుపుకుంటున్నదని 2024 ఆగస్టులో నిర్ణయించినవారు కూడా ఆయనే. ఆ తప్పుకు పరిహారంగా క్రోమును విడదీసి అమ్మించాలని అక్కడి ప్రభుత్వం కోరింది. ఈ సందట్లో పర్‌ప్లెక్సిటీ అనే సంస్థ ఒకటి, మేము 3,450 కోట్ల డాలర్లిచ్చి కొనుక్కుంటామని ముందుకు వచ్చింది. చివరకు అమ్మకమూ లేదు, కొనుగోలూ లేదు. క్రోము ఎవరిదో వారి దగ్గరే ఉన్నది.

ఈ వార్తను మా మేనల్లుడికి చదివి వినిపిస్తే వాడు, "అయితే ఏమైంది మామా, బ్రౌజర్ అంటేనే క్రోమ్ గదా! దాన్ని అమ్ముడేంది?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వాడికి అక్షరాలు వచ్చేనాటికే లోకం అట్లా ఉన్నది. కానీ ఆ తేదీ చూసినప్పుడు నా మనసు పదిహేడేళ్ళు వెనక్కి పోయింది. క్రోము పుట్టినది కూడా సెప్టెంబరు 2వ తేదీనే, 2008లో. అమెరికాలో మధ్యాహ్నం వేళ విడుదల చేస్తే మన దేశంలో అర్ధరాత్రి దాటింది. అంటే మన లెక్కకు అది సెప్టెంబరు 3, బుధవారం, వినాయక చవితి. హన్మకొండలో వీధి వీధికీ మండపాలు లేస్తున్న ఆ ఉదయం నేను పత్రి తేవలసినవాణ్ణి, కలనయంత్రం ముందు కూర్చుని కొత్త విహరిణిని దించుకుంటున్నాను. ఇంట్లో పడిన చీవాట్లను ఇక్కడ వివరించను.

ఆనాటి సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. అప్పుడు మనబోటివాళ్ళం అంతర్జాలంలో తెలుగు చదవడమంటే ఏదో ఒక వ్రతం పట్టినట్టే ఉండేది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న యంత్రంలో తెలుగు సరిగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి పోయి, క్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే అది విండోస్ సీడీ అడిగేది. ఐ386 అనే సంచయం ఎక్కడ ఉందో చూపించమనేది. నెట్ సెంటర్లలో ఆ సీడీ ఎవరి దగ్గర ఉంటుంది? యజమానిని బతిమాలి, పక్క దుకాణంలో అరువు తెచ్చి, ఆ ఒక్క టిక్కు పెట్టించి, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టిస్తే అప్పుడు గౌతమి ఖతిలో మన అక్షరాలు ఒత్తులతో సహా నిలబడేవి. గౌతమి నచ్చనివారికి దేశికాచారి గారు ఉచితంగా పంచిపెట్టిన పోతన, వేమన ఖతులుండేవి. బమ్మెర అప్పుడు మా జిల్లాలోనిదే కాబట్టి నేను పోతన ఖతినే వాడేవాణ్ణి. అందం కన్న అభిమానం ఎక్కువ అందులో, ఒప్పుకుంటాను.

ఇక పత్రికల సంగతి వేరు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి, ఒక్కొక్క సంకేత పద్ధతి. ఈనాడు జాలస్థలి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే తెలుగు, మరొక విహరిణిలో తెరిస్తే ఏదో రాక్షస భాష. వెన్న నాగార్జున గారు రాసిన 'పద్మ' అనే పొడిగింత వచ్చి, ఫైర్‌ఫాక్స్‌లో ఆ రాక్షస భాషను యూనికోడు తెలుగుగా మార్చి చూపించడం మొదలుపెట్టింది. పద్మను మొదటిసారి చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఏ కొత్త ఫోను కొన్నప్పుడూ కలుగలేదు. అందుకే మనలో చాలామందికి ఫైర్‌ఫాక్స్ ఒక పనిముట్టు మాత్రమే కాదు, మనవైపు మనిషి. దానికి మంటనక్క అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. లోపాలు లేవని కాదు. పేరాను రెండంచులూ సమంగా ఉండేట్టు సర్దితే దాని పాత కూర్పుల్లో తెలుగు అక్షరాలు చెల్లాచెదరయ్యేవి, గుణింతం ఒకచోట, ఒత్తు ఒకచోట. మూడవ కూర్పుతో ఆ రోగం కుదిరింది. 2008 జూన్ 17న ఆ మూడవ కూర్పు విడుదలైనప్పుడు 24 గంటల్లో 80,02,530 మంది దించుకున్నారని గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ లెక్కలో చివరి అంకె నాది అని అప్పట్లో మిత్రులతో చెప్పుకునేవాణ్ణి.

అట్లా నక్కతో హాయిగా కాపురం చేస్తున్న రెండున్నర నెలలకు క్రోము వచ్చింది.

దాని రాకడే విచిత్రం. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడి చేత 38 పేజీల బొమ్మల కథ గీయించి, ఆ విహరిణి లోపల ఏమేమి జరుగుతాయో అందులో చెప్పించారు. ఒక రోజు ముందే ఆ కథ బయటపడిపోయింది. ఒక సాఫ్ట్‌వేరుకు చందమామ తరహాలో బొమ్మల పుస్తకం వేయడం అంతకు ముందు నేనెరుగను. చదివితే మాత్రం మంచి అధ్యాపకుడు నల్లబల్ల మీద గీసి చెప్పినట్టు ఉన్నది. ఒక్కొక్క పేజీ ఒక్కొక్క వేరు గదిలో నడుస్తుంది, ఒక గదికి నిప్పంటుకుంటే ఆ గది మాత్రమే కాలుతుంది, ఇల్లంతా కూలదు అన్నది అందులోని ముఖ్యమైన సంగతి. రెండవది, జావాస్క్రిప్టును మాటిమాటికీ తర్జుమా చేసుకుంటూ కూర్చోకుండా నేరుగా యంత్ర భాషలోకి మార్చి పరిగెత్తించే వీ8 అనే ఇంజను. దాన్ని డెన్మార్కులో లార్స్ బాక్ అనే ఆయన బృందం తయారుచేసింది. వీవెన్ గారి లేఖిని కూడా జావాస్క్రిప్టు మీదనే నడుస్తుంది కనుక ఈ రెండవ సంగతి మనకు పరాయిది కాదు.

పేరు గురించి ఒక మాట. విహరిణి కిటికీ చుట్టూ ఉండే చట్రానికి, మీటలకు, పట్టీలకు ఆ వృత్తిలోనివారు క్రోమ్ అని పేరు పెట్టుకున్నారట. అది ఎంత తక్కువైతే అంత మేలని ఈ కొత్త విహరిణి సిద్ధాంతం. మరి దానికే ఆ పేరు! మన వైపు క్రోమ్ అంటే స్కూటరు హ్యాండిలుకు వేసే మెరుగుపూత. కొత్తలో అద్దంలా మెరుస్తుంది, నాలుగు వానలు పడితే కింది ఇనుము కనబడుతుంది. పేరు విన్నప్పుడు నాకు మొదట స్ఫురించినది ఇదే.

మెరుపు నిజమే. అద్దంలాగా ఉన్నది. మీటలన్నీ తీసేసి ఒక్క గడి మిగిల్చారు. అందులోనే చిరునామా, అందులోనే వెతుకులాట. ఎంత తెల్లగా, ఎంత ఖాళీగా ఉన్నదంటే కొత్తగా సున్నం వేసిన గదిలో అడుగుపెట్టినట్టనిపించింది. అయితే పొడిగింతలకు చోటు లేదు, అంటే పద్మ లేదు. అవి అందరికీ అందుబాటులోకి రావడానికి 2010 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. లినక్సు వాడే మిత్రులకైతే 2009 డిసెంబరు దాకా పరీక్షా కూర్పు కూడా లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు విండోసు వాళ్ళం మాత్రం ఆ ఏడాదంతా తాగాము.

ఇంతకీ నేను ఆ పండుగపూట దాన్ని దించుకున్నది నా కోసం కాదు. మా సారు కోసం.

సారు పేరు చెప్పను. ఆయన ఇప్పుడు లేరు, ఉన్నప్పుడు కూడా పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఉన్నవారు కారు. నాకు తెలుగు చెప్పిన గురువు. ఉద్యోగ విరమణ అయ్యాక పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పలుకుబళ్ళ మీద రాసుకుంటూ ఉండేవారు. ఆ పుస్తకంలో ఆనాటి జనం ఆటపాటలు, వేషాలు, మొక్కులు ఎన్నో ఉన్నాయి కదా. వాటిలో ఈనాటికీ మా పల్లెల్లో బతికి ఉన్న మాటలు ఏవో గుర్తించి, ఎవరి నోట విన్నారో కూడా చేర్చి రాయడం ఆయన పని. డెబ్బై ఏళ్ళ వయసులో ఆర్టీఎస్ నేర్చుకున్నారు. "ళ కోసం పెద్ద ఎల్లు గొట్టాలెనా, మంచిగనే ఉన్నది" అని నవ్వుతూ ఒక్కొక్క వేలితో కొట్టేవారు. ఒకనాడు లేఖినిలో మూడు గంటలు కూర్చుని ఒక ప్రకరణం రాశారు. పక్క పుటలో తెరిచి ఉంచిన ఏదో పేజీ బిగుసుకుపోయింది, దానితో విహరిణి మొత్తం మూతపడింది. ఏ విహరిణో చెప్పి దాని మీద నింద వేయను. ఆ రోజుల్లో అన్నింటి కథా అదే. మూడు గంటల రాత పోయింది. ఆయన ఏమీ అనలేదు. మరునాడు ఫోను చేసి, "బిడ్డా, రాసింది రాసినట్టు మళ్ళ యాదికొస్తలేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

కాబట్టి ఒక గదికి నిప్పంటుకుంటే ఇల్లు కూలదన్న సంగతి చదవగానే నాకు తట్టినది సారు. చవితి సాయంత్రం వారి ఇంటికి వెళ్ళి క్రోము స్థాపించాను. ఆయన పుటల్ని ఒక్కొక్కటిగా లాగి వేరు కిటికీలుగా విడదీసి చూసుకుని పసిపిల్లవాడిలా సంతోషించారు. ఉండ్రాళ్ళు పెట్టించారు. నేను ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికి వచ్చాను.

ఆ రాత్రే తెలిసింది, పదకొండవ షరతు గురించి.

ఏదైనా స్థాపించేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అన్న మీట నొక్కుతాం. దాని కింద ఏమున్నదో చదివేవాడు లక్షకొకడుంటాడు. ఆ లక్షకొకడు క్రోము విడుదలైన రోజునే చదివాడు. రాతల మీద హక్కు రాసినవారిదేనంటూనే, ఈ సేవ ద్వారా మీరు సమర్పించే, ప్రచురించే, ప్రదర్శించే దేనినైనా పునర్ముద్రించడానికి, మార్చడానికి, అనువదించడానికి, ప్రచురించడానికి, పంచడానికి శాశ్వతమైనదీ, వెనక్కు తీసుకోరానిదీ, లోకమంతటా చెల్లేదీ, రుసుము లేనిదీ అయిన అనుమతి మీరు గూగులుకు ఇస్తున్నారు అని ఆ షరతు తాత్పర్యం. ఒక జాలస్థలి ఇట్లాంటి మాట రాసుకుంటే అది ఒక రకం. మన రాతను వాళ్ళ గోడ మీద అంటిస్తున్నాం కనుక వాళ్ళకు కొంత అనుమతి కావాలి. కానీ విహరిణి గోడ కాదు, కిటికీ. కిటికీలోంచి నేను ఎవరి ఇంటికి చూసినా, ఎవరితో మాట్లాడినా, నా సొంత బల్ల మీద ఏమి రాసుకున్నా, ఆ కిటికీ చేసిన వడ్రంగికి అందులో వాటా ఏమిటి?

పెద్ద గొడవే అయింది. ఒకటి రెండు రోజుల్లోనే గూగుల్ వారు ఆ షరతును తీసివేశారు. తమ ఇతర సేవలన్నిటికీ కలిపి రాసుకున్న షరతుల్నే దీనికీ ఎత్తి అతికించామనీ, మార్పు మొదటినుంచి దించుకున్న అందరికీ వర్తిస్తుందనీ చెప్పారు. నేను ఆ వివరణను నమ్ముతాను. దురుద్దేశం ఉన్నదని ఇప్పటికీ అనుకోను. కానీ నా మనసుకు సమాధానం కలగలేదు. అన్నిచోట్లా అతికించడానికి ఆ వాక్యం సిద్ధంగా ఉండటమే కదా అసలు విషయం! నిర్లక్ష్యంగా చేయి చాపితే అందేది అటువంటి వాక్యమైనప్పుడు, ఆ ఇంటి అలవాటు ఏమిటో తెలిసిపోతుంది.

మూడు రోజుల తరువాత సారు దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను, తప్పు దిద్దుకున్నారని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మారిస్తే మంచిదే బిడ్డా. కని మార్చెటిది వాళ్ళ చేతులనే ఉన్నది గదా" అన్నారు.

ఇంతకంటె గట్టి విమర్శ నేను ఆ తరువాత పదిహేడేళ్ళలో, న్యాయస్థానాల తీర్పులతో సహా, ఎక్కడా చదవలేదు.

సారు ఇంకొక మాట కూడా ఎత్తారు. హన్మకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పుట్టింది. నిజాము రాజ్యంలో, బడిలో తెలుగుకు చోటు లేని కాలంలో, తెలుగు చదువుకోవడానికి ఒక గది కావాలని కొందరు పెద్దలు పూనుకుని కట్టుకున్నది. సారు బాల్యమంతా అక్కడి పుస్తకాలతోనే గడిచింది. "గ తలుపు తాళంచెవి మనోళ్ళ దగ్గర్నే ఉండేది" అన్నారు. పోలిక పూర్తిగా పొసగదని నాకు తెలుసు. విహరిణిని చందాలు వసూలు చేసి కట్టలేము. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా అట్లాంటి ప్రజాసంస్థే అయినా, దాని రాబడిలో అత్యధిక భాగం గూగులును వెతుకులాట యంత్రంగా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే. ఆ ఒప్పందాన్ని 2011 దాకా పొడిగించుకున్నది కూడా సరిగ్గా క్రోము రావడానికి కొద్ది రోజుల ముందే! భాషానిలయానికి దివాను గారే చందా ఇచ్చినట్టు. ఈ చిక్కుముడిని నేను ఇప్పటికీ విప్పలేను.

అప్పటికి మన పరిస్థితి ఒక్కసారి తలుచుకోండి. మనలో చాలామంది రాసేది బ్లాగ్‌స్పాట్‌లో. దాన్ని గూగుల్ 2003లోనే కొన్నది. ఉత్తరాలు జీమెయిల్‌లో. ఒకరి రాతలు ఒకరు చదివేది గూగుల్ రీడర్‌లో. ముచ్చట్లు ఆర్కుట్‌లో. ఇల్లు వారిది, తపాలా వారిది, అరుగు వారిది. అద్దె ఒక్క పైసా అడగలేదు, ఆ మాట కృతజ్ఞతతోనే చెప్పాలి. తెలుగులో నాలుగు వాక్యాలు రాసి లోకానికి చూపించడానికి మనబోటివాడికి అంతకు ముందు ఏ దారీ లేదు. ఇక మిగిలింది ఆ ఇంటి గుమ్మం ఒక్కటి. అది కూడా వారికే అప్పగిస్తే? నా సందేహం అదీ. గుమ్మం మాత్రం వేరేవారిది అయితే, ఏనాడైనా ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు మూటాముల్లె సర్దుకుని బయటికి నడిచే దారి ఒకటి ఉంటుందని ఆశ.

ఈ భయం ఉత్తది కాదని తరువాత తేలింది. రీడర్‌ను 2013 జులై 1న మూసేశారు. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న. ముందే చెప్పి, దాచుకోవడానికి గడువిచ్చి మర్యాదగానే మూశారు. రీడరు పోయాక మనం ఒకరినొకరు చదవడం ఎంత తగ్గిపోయిందో మీకందరికీ తెలుసు. ఎవరూ ఎవరినీ విడిచిపోలేదు. కలుసుకునే అరుగు తీసేశారు, అంతే.

ఇందులో నేను పొరపాటు పడిన సంగతి కూడా చెప్పడం న్యాయం. క్రోము వల్ల తెలుగుకు నష్టం జరుగుతుందని 2008లో నేను భయపడ్డాను. జరగలేదు. నిజానికి ఎక్స్‌పీ సీడీ అడిగిన ఆ కాలానికీ, ఇవాళ కూరగాయల మార్కెట్టులో ఒకామె చేతిఫోనులో తెలుగు వార్త చదువుకుంటున్న ఈ కాలానికీ మధ్య దూరాన్ని తగ్గించినవాటిలో క్రోము ఒకటి. ఆ ఫోను అడిగే ప్రశ్నలు లేవు, పెట్టవలసిన టిక్కులు లేవు. ఒత్తులు, గుణింతాలు చక్కగా పేర్చే హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాధనాన్ని ఇవాళ ఫైర్‌ఫాక్సూ వాడుతున్నది, క్రోమూ వాడుతున్నది. క్రోము మూలరూపమైన క్రోమియం కూడా ఎవరైనా తీసుకుని వాడుకోదగినదే. దాని వేళ్ళు ఎక్కడున్నాయో చూస్తే కేడీఈ అనే స్వచ్ఛంద బృందం 1990ల చివర రాసిన కేహెచ్‌టీఎంఎల్‌లో తేలతాయి. దాన్ని ఆపిల్ వారు తీసుకుని వెబ్‌కిట్ చేశారు, దాన్ని గూగుల్ తీసుకుని 2013లో బ్లింక్ అని వేరు కాపురం పెట్టింది. ఊరుమ్మడి చెరువు నీళ్ళతోనే ఈ పెద్ద తోట పెరిగింది.

చిక్కు ఎక్కడంటే, ఆ తోట తప్ప ఇంకేమీ కనబడకుండా పోవడంలో. 2012 మే నెలలో క్రోము ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను దాటింది. 2013లో ఒపెరా తన సొంత ఇంజనును వదిలి ఇటు చేరింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్‌ను క్రోమియం మీదే నిలబెట్టుకుంది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ శకం ముగిసింది. 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ వారు అట్లాస్ అనే విహరిణిని తెచ్చారు, కొత్త తెలివి, కొత్త మాటకారితనం, లోపల మాత్రం అదే క్రోమియం. ఇవాళ లోకంలో మూడింట రెండు వంతుల మంది చేతిలో ఉన్నది క్రోమే. ఇక మిగిలిన వేరు ఇంజనులు ఆపిల్ వారి వెబ్‌కిట్, మన మంటనక్కది. ఫారం నింపడానికి పోతే "క్రోములో తెరవండి" అని రాసి ఉన్న జాలస్థలులు ఎదురవుతున్నాయి. ఒకప్పుడు తెలుగు పత్రిక చదవడానికి ఎక్స్‌ప్లోరర్ కావలసి వచ్చినందుకే కదా మనం గోల చేసినది! ఏ విహరిణిలో తెరిచినా అక్షరం అక్షరంలాగే ఉండాలన్న కోరికతోనే కదా యూనికోడును పట్టుకుని వేలాడినది!

ఇంజనులు వేరు వేరుగా ఉండటం ఎందుకు మేలో మన తెలుగు అక్షరమే ఒకసారి నిరూపించింది. 2018 ఫిబ్రవరిలో, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరిన 'జ్ఞా' అనే అక్షరం వస్తే చాలు ఐఫోనులో దాన్ని చూపించబోయిన అనువర్తనం కుప్పకూలింది. ఆ నెలలోనే ఆపిల్ సవరించింది. లోకమంతా మన అక్షరాన్ని చూసి భయపడినది ఆ ఒక్కసారే. నవ్వులాటకు చెప్పుకున్నా, ఆ రోజు మిగతా యంత్రాలు పడిపోకపోవడానికి కారణం అక్షరాలు పేర్చే పద్ధతి అన్నింటిలో ఒకటి కాకపోవడమే.

'జ్ఞా' అంటే అజ్ఞాత కూడా గుర్తుకు వస్తున్నది. క్రోములో తొలినాటినుంచీ అజ్ఞాత కిటికీ ఒకటున్నది. అందులో చేసిన విహారం ఎవరికీ తెలియదని చాలామంది నమ్మకం. నిజానికి అది తెలియకుండా చేసేది ఇంట్లోవాళ్ళకు మాత్రమే, ఊళ్ళోవాళ్ళకు కాదు. దీని మీద 2020లో అమెరికాలో దావా పడితే, 2024లో గూగుల్ రాజీకి వచ్చి కోట్లాది నమోదులను చెరిపివేయడానికి ఒప్పుకున్నది. పాండవులు విరాటుని కొలువులో చేసిన అజ్ఞాతవాసం ఇంతకన్న పకడ్బందీగా సాగింది.

మరి నేనేం చేస్తున్నానని మీరడగవచ్చు. కరెంటు బిల్లు, రైలు టికెట్టు, మేనల్లుడు పంపే లంకెలు, అన్నీ క్రోములోనే. రాయడం మాత్రం మంటనక్కలో. ఈ పద్ధతి నాది కాదు. చవితి తరువాత ఆ రోజు సారు చేసిన ఏర్పాటు. "చదువుడు దీంట్ల, రాసుడు దాంట్ల" అన్నారు. నేను పుట విడిపోతే పోయేది ఒక్కటే కదా సార్, రాయడానికే కదా ఇది పెట్టింది అని వాదించబోయాను. ఆయన వినలేదు. రాయడానికి ముందు ఒకసారి, రాసిన తరువాత ఒకసారి నోట్‌ప్యాడులో భద్రపరచుకోవడం నేర్చుకుంటానన్నారు, నేర్చుకున్నారు కూడా. తరువాత ఆయన రాత ఏదీ పోలేదు. దీన్ని సాంకేతికంగా సమర్థించలేను. రాతకు కావలసిన రక్షణ క్రోములోనే ఎక్కువున్నది, సారు దాన్ని చదవడానికి వాడారు! కానీ ఒక మనిషి తన రాత ఎవరి కిటికీ దగ్గర కూర్చుని రాసుకోవాలో తానే నిర్ణయించుకోవడంలో సాంకేతికానికి అందని మర్యాద ఏదో ఉన్నదని నాకనిపిస్తుంది. ఈ మాటకు మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు.

సారు పోయిన తరువాత వారి అబ్బాయి ఆ పాత యంత్రాన్ని నాకు ఇచ్చారు. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి, నిప్పునక్క ఒకటి, మూడు రంగుల చక్రం ఒకటి. నోట్‌ప్యాడు దస్త్రాలు నూట పన్నెండు. అన్నీ యూనికోడులోనే ఉన్నాయి కనుక అన్నీ తెరుచుకున్నాయి. కొన్నింటిలో ఒకే పేరా రెండుసార్లు ఉన్నది, రాయడానికి ముందు ఒకసారి, రాసిన తరువాత ఒకసారి. వాటిని వరుసలో పెట్టే పని ఇంకా సాగుతూనే ఉన్నది. తొందరలేదు.

ఈ టపాను కూడా నక్కలోనే రాశాను. మీలో ఎక్కువమంది చదివేది దేనిలోనో తెలుసు కనుక క్రోములో తెరిచి ఒకసారి సరిచూసుకున్నాను. ఒత్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.